తడిసిన డోళ్లు మళ్లీ మోగిన తీరు

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. సంస్కృతి గురించి మాకన్నా బాగా మాట్లాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేం డోళ్లు బాగుచేసినవాళ్లం. అందుకని డోలు ఎట్లా బాగుచేసుకోవాలో చెప్తాం. ఇవాళ ఇక్కడ మోగిన ఏడు డోళ్లలో ఒక్కటీ కొత్తది కాదు. అన్నీ గోదారి నీళ్లలో నానినవే.

2022 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని మన పెద్దలు చెప్పేవారు, అంతకు తక్కువే గానీ మన తరం చూసింది ఇదే పెద్దది. కూనవరం దగ్గర శబరి నీళ్లు గోదారిలోకి పోలేక వెనక్కి ఎగదన్ని ఊళ్ల మీద పడ్డాయి. ప్రాణాలు, గొడ్లు, ఆధార్ కార్డులు, పట్టా కాగితాలు పట్టుకుని గుట్టలెక్కాం. డోళ్లను ఎవరు మోస్తారు? ఒక్కోటి మూడడుగుల పొడవు, చెట్టు మాను లాంటి బరువు. అవి ఇళ్లలోనే ఉండిపోయాయి. నీళ్లు తీశాక మా మూడు ఊళ్లలో తొమ్మిది డోళ్లు బురదలోంచి బయటపడ్డాయి. తోళ్లు ఉబ్బి కుళ్లు వాసన, కర్ర నిండా ఒండ్రు.

అప్పుడే కొందరు బేరగాళ్లు తిరిగారు. పాత డోలు ఖాళీ గూడు చాలు, తోలు అక్కర్లేదు, హోటళ్లలో అలంకారానికి పెడతారు అన్నారు. ఇల్లు కూలినవాడికి చేతిలో డబ్బు పెడితే కాదనడం కష్టమే. మా పెద్దలు ఒక్క మాట అడిగారు: "దీన్ని అమ్మితే రేపు మన ఇంట్లో మనిషి పోతే ఏం వాయిస్తారు?" ఆ మాటతో బేరం ఆగింది. కానీ ఆపినంత మాత్రాన డోలు మోగదు కదా.

కొత్తవి చేయించుకుంటే పోలేదా అని మీలో కొందరు అడిగారు. మంచి ప్రశ్నే. మన డోలు పలకలు అతికించి చేసింది కాదు. ఒకే మాను దుంగను రెండు పక్కల నుంచి ఉలితో, బాడిసతో తొలిచి చేసింది. మా తొమ్మిదిలో ఆరు వేగిస, మూడు గుమ్మడి టేకు. వేగిస అంటే తెలుసుగా, ఆ చెక్కతో చేసిన గ్లాసులో నీళ్లు పోసుకుని తాగితే చక్కెర జబ్బుకు మంచిదని బజార్లో అమ్ముతుంటారు, ఆ చెట్టే. కావిలించుకునేంత లావు వేగిస మాను ఇప్పుడు అడవిలో ఎన్ని కనిపిస్తున్నాయి? కనిపించినా కొట్టుకునే వీలు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వెదురు, లక్క, తేనె, తునికాకు అందులో ఉన్నాయి. కలప లేదు. అంటే తోలు మళ్లీ దొరుకుతుంది, తాడు మళ్లీ దొరుకుతుంది, గూడు మాత్రం దొరకదు. డోలులో విలువంతా ఆ బోలు కర్రలో ఉంది. తోలు పగిలిందని డోలు పోయిందనుకుని పొయ్యిలో పెట్టిన ఇళ్లు మాకు తెలుసు.

మొదటి పని పనిముట్లతో కాదు, అడగడంతో మొదలవుతుంది. డోలు ఎవరిది? కొన్ని ఊరివి, కొన్ని ఒక గట్టు వేల్పువి, కొన్ని ఫలానా తాతవి. వేల్పు డోలైతే పూజారి చెప్పిన రోజునే విప్పాలి, ఆయన వద్దన్న చోట చెయ్యి పెట్టకూడదు. ఇది మూఢనమ్మకం అని కాలేజీలో చదువుకునే తమ్ముడొకరు మాతో వాదించాడు. వాదించనియ్యండి. కానీ ఊరి వస్తువును ఊరిని అడక్కుండా విప్పితే, రేపు అది పగిలినా, పోయినా జవాబు చెప్పేది ఎవరు? మేమైతే అడిగాకే ముట్టుకున్నాం. విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫోటోలు తీశాం. తాడు ఏ రంధ్రంలోంచి ఏ రంధ్రానికి పోయింది, ముడి ఎక్కడ వేశారు, ఎక్కువ గరుకు శబ్దం ఇచ్చే ముఖం ఏది, ఇవన్నీ ఫోటోలో ఉంటే నెలల తర్వాత మళ్లీ కట్టేటప్పుడు తగాదా రాదు. పాత తోలు లోపలి పక్క ముద్ద ఆనవాలు ఉంటే గోకి పారెయ్యొద్దు. అది ఎందుకు పెట్టారో పెద్దలను అడిగి తెలుసుకోండి.

తర్వాత ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. తడిసిన డోలును చూడగానే ఎండలో పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. కర్రలో నీరు రెండు చివర్ల నుంచి త్వరగా పోతుంది, నడుమ నుంచి నెమ్మదిగా పోతుంది. చివర్లు ముందే ఎండి ముడుచుకుంటాయి, నడుమ ఇంకా ఉబ్బే ఉంటుంది. అప్పుడు పెటపెటమని పగులు వస్తుంది, అంచు నుంచి నడుముదాకా చీలుతుంది. నీడలో, గాలి ఆడే చోట, నేలకు తగలకుండా ఇటుకల మీద పెట్టాలి. రెండు చివర్లకూ తడి గోనెపట్టా కప్పి, ఆ తడిని రోజురోజుకూ తగ్గిస్తూ పోవాలి. లోపల ఇరుక్కున్న ఒండ్రును తడిగా ఉన్నప్పుడు కడిగితే ఇంకా లోపలికి పోతుంది. కాస్త ఆరాక కొబ్బరి పీచు బ్రష్షుతో దులిపితే పొడిగా రాలుతుంది.

ఎండిందని ఎట్లా తెలుస్తుంది? చేత్తో తాకితే తెలియదు. వారానికోసారి కాటా మీద తూచండి. బరువు తగ్గుతున్నంత కాలం లోపల నీరుంది. మూడు వారాలు వరసగా ఒకే బరువు చూపిస్తే ఎండినట్టు. మా డోళ్లకు సంక్రాంతి దాకా పట్టింది. ఆ ఐదారు నెలలూ ఏం చేస్తున్నారని మమ్మల్ని అడిగినవాళ్లకు, తూచుతున్నాం అని చెప్పేవాళ్లం. నవ్వేవారు.

పురుగు సంగతి చెప్పాలి. మా తొమ్మిదిలో నాలుగింటికి గుండుసూది మొన అంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి. ఇది వరద వల్ల వచ్చింది కాదు, అంతకు ముందునుంచే ఉంది. పూర్వం డోలు ఎక్కడ ఉండేది? పొయ్యి పైన అటక మీద. రోజూ పొగ తగిలేది. పొగ పట్టిన కర్ర జోలికి పురుగు రాదు, తోలుకు బూజూ పట్టదు. ఇప్పుడు స్లాబు ఇల్లు, గ్యాసు పొయ్యి వచ్చాయి. మంచిదే, ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు పొగ బాధ తగ్గింది. కానీ డోలును మంచం కిందికి తోసేశాం. అక్కడ చెమ్మ, చెద, పురుగు. గ్యాసు పొయ్యి మానెయ్యమని మేం చెప్పం. నెలకోసారైనా వేపాకు పొగ వేసి, గాలి తగిలే చోట వేలాడదీయండి. పురుగు ఉన్న గూటికి మేం బోరాక్స్, బోరిక్ పొడి వేడినీళ్లలో కలిపి రెండు మూడు సార్లు పూసి ఆరబెట్టాం. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

పగుళ్లకు సన్నవైతే అదే జాతి కర్రను ఆకురాయితో రాస్తే వచ్చే పొడిని వడ్రంగి జిగురుతో కలిపి నింపితే సరిపోతుంది. వేలు దూరేంత పగులైతే పొడి నిలవదు. అదే జాతి కర్ర చీలికను పగులు ఆకారానికి చెక్కి జిగురుతో దింపాలి. జిగురు ఆరేవరకు బిగించి పట్టడానికి పెద్ద పెద్ద బిగింపులు కొనక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబును పొడవునా చీల్చి, గూటి చుట్టూ సాగదీసి పది చుట్లు చుట్టండి. గుండ్రటి దానిని అంత సమంగా బిగించేది మరొకటి మేం చూడలేదు.

ఇక అంచు. డోలు మోగేదీ మోగనిదీ ఇక్కడే తేలుతుంది. తోలు ఆనుకునే ఆ అంచు ఎక్కడైనా పల్లంగా ఉంటే అక్కడ తోలు గట్టిగా కూర్చోదు, శబ్దం గరగరలాడుతుంది. షాబాదు బండ మీద సుద్దముక్క బాగా రుద్ది, డోలును దాని మీద బోర్లించి అటూ ఇటూ కొంచెం తిప్పండి. ఎత్తుగా ఉన్న చోట్ల సుద్ద అంటుకుంటుంది. అంతవరకే ఆకురాయితో రాయండి. మళ్లీ బోర్లించండి. చీకటి గదిలో గూటి లోపల టార్చి పెట్టి చూస్తే వెలుతురు ఎక్కడ బయటికొస్తుందో అక్కడ పల్లం ఉన్నట్టు. అంచు సమం అయ్యాక దాన్ని కొంచెం గుండ్రంగా తీర్చాలి, లేకపోతే తోలు అక్కడే తెగుతుంది.

తోలు దగ్గరికొచ్చాం. ఈ మాట మాత్రం మీరు ఫోన్లు పక్కన పెట్టి వినండి.

చచ్చిన గొడ్డు తోలు వాడొద్దు. మన ఏజెన్సీలో ఆంత్రాక్స్ వచ్చిన ఊళ్లు ఉన్నాయి. జబ్బుతో చచ్చిన మేకనో ఆవునో కోసి తిన్నవాళ్లకు, తోలు తీసినవాళ్లకు చేతుల మీద నల్లటి పుండ్లు లేచాయి. ఆ క్రిమి విత్తనంలాగా గట్టి పొర కట్టుకుని మట్టిలో, తోలులో, వెంట్రుకల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఎండబెట్టినా చావదు, మామూలుగా సున్నంలో నానబెట్టినా చచ్చిందని నమ్మలేం. తోలు గోకేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకి పోతే ఇంకా ప్రమాదం. ఇది మన దగ్గరే కాదు. 2006లో స్కాట్లాండులో డోళ్లు చేసే ఒకాయన ఈ జబ్బుతో చనిపోయాడు. అదే ఏడాది న్యూయార్కులో ఆఫ్రికా తోళ్లతో డోళ్లు కట్టే కళాకారుడికి ఇది సోకింది, వైద్యం అంది బతికాడు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న జంతువును మన కళ్ల ముందు కోసిన చోట నుంచే తోలు తెచ్చుకోండి. ఎక్కడిదో చెప్పలేని తోలు ఉచితంగా ఇచ్చినా వద్దు. తోలు పని చేశాక చేతి మీద నొప్పిలేని నల్ల పుండు లేస్తే పసరు పూసుకుని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి, తోలు పని చేశానని డాక్టరుకు చెప్పండి.

అడవి జంతువుల తోలు సంగతి కూడా అంతే. పాత డోలుకు కణుజు తోలో, ఉడుము తోలో ఉందని తాతలు చెప్పొచ్చు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేటాడటం, అమ్మడం, కొనడం నేరం. పెర్మకోర్ ఆటలో తలకు పెట్టుకునే అడవిదున్న కొమ్ములు కూడా అంతే. తాతల నాటివి ఉంటే జాగ్రత్తగా దాచుకోండి, అమ్మకండి, కొత్తవి కొనకండి. కొనేవాళ్లు లేకపోతేనే వేట ఆగేది.

మేం తోలు పని నేర్చుకుంది మా పక్క ఊరి మాదిగ పెద్దాయన దగ్గర. డప్పు కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మన డోలు మోగడంలో ఆ కులవృత్తి చేతుల పాలు కూడా ఉంది. సభల్లో ఆ సంగతి చెప్పుకోం. చెప్పుకోవాలి. ఆయనకు శాలువా కప్పడంతో సరిపెట్టకుండా కూలి లెక్కగట్టి ఇచ్చాం.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. సన్నగా పలికే ముఖానికి మేకతోలు, బరువుగా పలికే ముఖానికి మందపు తోలు. వెంట్రుకలు ఊడటానికి సున్నపు నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, మొద్దు కత్తితో గోకాలి. తర్వాత సున్నం పూర్తిగా పోయేదాకా నీళ్లు మారుస్తూ కడగాలి. సున్నం మిగిలితే తోలు పెళుసై పోతుంది. కట్టే ముందు మేకతోలును రాత్రంతా, మందపు తోలును ఒక పగలూ రాత్రీ మంచినీళ్లలో నానబెట్టాలి. తోలు మీద వెన్నెముక గీత కనిపిస్తుంది. ఆ గీత సరిగ్గా ముఖం నడుమ నుంచి పోయేట్టు వెయ్యాలి, అప్పుడే రెండు పక్కలా తోలు ఒకే తీరుగా లాగుతుంది. అంచుకు వెదురు కడియం. తాడును వరసగా బిగించుకుంటూ పోకూడదు. ఒకచోట లాగితే తర్వాత దానికి ఎదురుగా ఉన్నచోట లాగాలి. తడిమీద గట్టిగా బిగించొద్దు, ముడతలు పోయేంతవరకే. తోలు ఆరేటప్పుడు తనే ముడుచుకుని బిగుస్తుంది. తడిలోనే చివరిదాకా లాగితే ఆరాక ఎక్కడో ఒకచోట చిట్లుతుంది, లేదా కడియం వంగుతుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరాకే అసలు బిగింపు. పూర్వం తోలు వార్లు, గోగునార తాళ్లు ఉండేవి. నైలాన్ తాడు చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ సాగుతుంది. వారం వారం బిగించుకోవాల్సి వస్తుంది. పాలిస్టర్ తాడు అంత సాగదు.

ప్లాస్టిక్ తోలు వేస్తే ఈ బాధంతా ఉండదు కదా అని అడుగుతారు. వానకు తడవదు, మంట మీద కాచనక్కర్లేదు, నిజమే. స్కూలు పిల్లలు నేర్చుకునే డోలుకు వేసుకోండి, మేం తప్పు పట్టం. ఊరి డోలుకు మాత్రం మేం వెయ్యలేదు. దాని గొంతు వేరుగా ఉంటుంది. ముసలివాళ్లు ఒక్క దెబ్బ విని "ఇది మనది కాదు" అన్నారు. ఆ మాట మాకు చాలు.

చివరిగా రంగు. మా మధ్య పెద్ద గొడవ జరిగింది దీని మీదే. పిల్లలు ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ కొట్టి, మెరుపు కాగితం అంటించి, ఊరిపేరు రాద్దామన్నారు, ఫోటోల్లో బాగా వస్తుందని. రెండు డోళ్లకు అప్పటికే పాత ఎనామిల్ ఉంది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. రంగుల్లో సీసాన్ని 90 పీపీఎమ్‌కు మించకుండా కట్టడి చేసే నిబంధనలు మన దేశంలో వచ్చింది 2016లో. అంతకు ముందటి రంగును పొడిగా రాస్తే ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. తడి శాండ్ పేపరుతో, ముక్కుకు గుడ్డ కాకుండా మంచి మాస్కు కట్టుకుని, ఇంటికి దూరంగా రాయాలి. నీళ్లను చేలోకి వదలకూడదు.

కొత్త రంగు వద్దని మేం ఎందుకన్నామంటే, ఎనామిల్, మందపు వార్నిష్ కర్ర మీద సంచి తొడిగినట్టు కూర్చుంటాయి. లోపల మిగిలిన చెమ్మ బయటికి రాలేక పొర ఉబ్బి ఊడుతుంది. పైగా ఆ ఉలి గాట్లు, చేతులు ఆని ఆని నున్నబడిన చోట్లు, భుజం తాడు ఒరిసిన గీత, ఇవన్నీ ఎవరెవరు మోశారో చెప్పే గుర్తులు. అందుకే గరుకు శాండ్ పేపరుతో అరగదీయకుండా, 220 నంబరుతో కర్ర పోగు వెంట మెల్లగా రాసి, ఉడికించిన అవిసె నూనె పలచగా మూడు సార్లు పూశాం. ఒక్కో పూతకు మధ్య రెండు రోజులు ఆరనిచ్చాం. ఆముదం, కొబ్బరి నూనె వాడకండి, అవి ఆరవు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటాయి. ఇంకో హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి. మెరుపు కావాలన్న పిల్లల కోసం ఒక డోలుకు లక్క పాలిష్ వేశాం. మోదుగ, పుసుకు, రేగు చెట్ల మీద పురుగు పెట్టే లక్కే అది, చపడా రేకులుగా దొరుకుతుంది, స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. పిల్లలు సంతోషించారు. ఊరి పేరు మాత్రం డోలు మీద కాకుండా దాని గుడ్డ సంచి మీద రాశారు.

2023 భూమి పండుగకు ఏడు డోళ్లు మోగాయి. డీజే కూడా వచ్చింది, అదీ మోగింది. డీజేతో పోటీ మాకు లేదు. కానీ చావు ఇంటికి డీజే రాదు. కొలుపుకు రాదు. పెళ్లి దరువు, చావు దరువు, కొలుపు దరువు వేరు వేరని మీలో ఎంతమంది చెవితో చెప్పగలరు? మణుగూరు పక్క కూనవరం డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2024లో ఆయన పోయారు. మన ఊళ్లలో అవార్డులు రాని తాతలు ఇంకా ఉన్నారు. ఫోన్ తీసుకెళ్లి, వాళ్లను అడిగి, ఒక్కో దరువు రికార్డు చేయండి. దరువు పేరు, ఎప్పుడు వాయిస్తారు, ఎవరు వాయించొచ్చు అనేది వాళ్ల గొంతుతోనే చెప్పించండి. వేల్పు దరువులను యూట్యూబులో పెట్టొద్దని పూజారి అంటే పెట్టకండి. ఊరి దగ్గరే దాచండి.

ఖర్చు సంగతి అడిగారు. తోళ్లు, తాడు, జిగురు, నూనె, పెద్దాయన కూలి, వీటికి ఇంటికింత అని చందా వేసుకున్నాం. రసీదు పుస్తకం ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

రెండు డోళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఒకదానికి నడుమదాకా పగులు, చీలిక దించాలి. ఇంకొకదానికి ఒక పక్క అంచు చెద తినేసింది. అక్కడ కొత్త ముక్క అతకాలా, లేక ఆ మేరకు కోసి డోలును పొట్టి చెయ్యాలా అన్నది పెద్దలతో ఇంకా తేల్చలేదు. పొట్టి చేస్తే గొంతు మారుతుంది. వచ్చే ఆదివారం పొద్దున సంఘం పాకలో కూర్చుంటాం. పాత బట్టలు వేసుకుని రండి, ఇంట్లో పనికిరాని సైకిల్ ట్యూబులు ఉంటే పట్టుకురండి.